ఎస్పీ రోడ్డు సర్వర్ రిపేరు షాపు: ఫార్మాట్ కొట్టకుండా చెడినంత వరకే బాగుచేశారు

బెంగళూరు మారతహళ్లిలో మా బాబాయికి మందుల హోల్‌సేల్ ఉంది, అక్కడ కంప్యూటర్ల పనంతా నాది. మెడికల్ షాపులకు పోయే బిల్లులు, స్టాకు, ఎక్స్‌పైరీ లెక్కలు అన్నీ ఒక్క సర్వర్ మీదే నడుస్తాయి. ఉబుంటు 22.04 (లినక్స్), లోపల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. పోయిన నెలాఖరులో ఒక శుక్రవారం రాత్రి అందరూ వెళ్లిపోయాక అప్‌డేట్లు మొదలుపెట్టాను, వంద పైచిలుకు ప్యాకేజీలు (ప్రోగ్రామ్ ఫైళ్ల మూటలు), సగం దాకా వచ్చాయో లేదో కరెంటు పోయింది. యూపీఎస్ ఉందిలే అనుకున్నా. రెండు నిమిషాలకే అదీ కీచుమని ఆగిపోయింది.

కరెంటు వచ్చాక మెషిన్ ఆన్ అయింది, లాగిన్ కూడా వచ్చింది, గండం గడిచిందనే అనుకున్నా. బిల్లింగ్ తెరిస్తే డేటాబేస్ లేదంటుంది. మైఎస్‌క్యూఎల్‌ని విడిగా స్టార్ట్ చేస్తే ప్రోటోబఫ్ అనే లైబ్రరీ (అది వాడుకునే సహాయక ఫైల్) పేరు చెప్పి "ఫైల్ టూ షార్ట్" అని ఎర్రర్. ఆ ఫైల్ సైజు చూస్తే సున్నా. పేరుంది, లోపల ఒక్క బైటు లేదు. సరే, అప్‌డేట్ మళ్లీ నడుపుదామంటే డీపీకేజీ (ప్యాకేజీలు వేసే ప్రోగ్రామ్) మధ్యలో ఆగిపోయింది, ముందు మిగిలినవన్నీ కాన్ఫిగర్ చేయమని అదే కమాండ్ చూపించింది, ఆ కమాండ్ కొడితే ఫలానా ప్యాకేజీ ఫైళ్ల లిస్టుకి చివర న్యూలైన్ (వరస ముగింపు గుర్తు) లేదు, ఇక ముందుకు పోలేను అని అక్కడే చచ్చింది. తెల్లారితే శనివారం, నెలాఖరు బిల్లులు. రాత్రంతా నిద్ర లేదు.

పొద్దున్నే దగ్గర్లో సర్వీసు చేసే ఒకతనికి ఫోన్ చేస్తే, స్క్రీన్ ఫోటో కూడా అడక్కుండా, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేద్దాం, 18,000 అవుతుంది, రెండు రోజులు పడుతుంది అన్నాడు. నాలుగేళ్లుగా ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ వచ్చిన సెట్టింగులన్నీ పోతాయి కదా అంటే, పోతాయి మరి అన్నాడు. అప్పుడు హిందూపురం ఫ్రెండ్ ఒకడు ఎస్పీ రోడ్డులో ఈ షాపు సంగతి చెప్పాడు. సర్వర్‌ని దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని వెళ్లాను.

షాపు పక్క సందులో, మొదటి అంతస్తులో ఉంది. హార్డ్‌వేర్ ఒక అన్న చూస్తాడు, లినక్స్ పని ఆయన భార్య చూస్తుంది. ఇద్దరిదీ మన సీమ తెలుగే. నేను జరిగింది చెప్తుంటే అక్క అడిగిన మొదటి మాట, "తమ్ముడూ, కరెంటు పోయినాక నువ్వు ఇంకేమేమి కొట్టినావు, అన్నీ వరసగా చెప్పు." రెండో మాట, "ఇంక ఏమీ ముట్టుకోవద్దు, ముందు డిస్కు కాపీ తీద్దాం." డిస్కు మొత్తాన్ని బిట్టు బిట్టు వేరే డిస్కులోకి దించేదాకా ఆమె ఒక్క కమాండ్ కూడా కొట్టలేదు. దానికే గంటన్నర పట్టింది. ఆ గంటన్నర నాకు బాబాయి ఫోన్ల మీద ఫోన్లు, అయినా ఇప్పుడు తలుచుకుంటే వీళ్ల పనిలో నాకు బాగా నచ్చింది అదే. ఆలోపు అన్న డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు తీసి చూపించాడు, చెడిన సెక్టార్లు లేవు, కాబట్టి కొత్త డిస్కు కొనాల్సిన పని లేదన్నాడు. అమ్ముకోవాలంటే అక్కడే అమ్మేయొచ్చు, నేను కొనడానికి సిద్ధంగానే ఉన్నా.

తర్వాత అసలు పని. డీపీకేజీ తన దగ్గర ప్రతి ప్యాకేజీకి ఏ ఫైళ్లు వేసిందో ఒక లిస్టు పెట్టుకుంటుంది, అలాంటి లిస్టులు మూడు మధ్యలో తెగిపోయాయి, అందుకే అది మొరాయించింది. అక్క వాటిని డిలీట్ చేయలేదు, పక్క ఫోల్డర్లోకి జరిపింది. లిస్టు లేకపోతే ఆ ప్యాకేజీకి ఫైళ్లేమీ లేవనుకుని ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుందట, తెగిన లిస్టు ఉంటేనే ఆగిపోతుందట. ఇది నాకు ఆ రాత్రి తెలిసుంటే ఎంత బాగుండేది. మళ్లీ కాన్ఫిగర్ నడిపితే వరసగా సర్దుకుంటూ వచ్చి మైఎస్‌క్యూఎల్ దగ్గర ఆగింది, దానికి కావాల్సిన లైబ్రరీయే సున్నా సైజు కదా. అప్పుడు డౌన్‌లోడ్ క్యాషంతా, అంటే దించిన ప్యాకేజీలు దాచే చోటంతా తుడిచేసి (చెడిన డెబ్ ఫైల్, అంటే ప్యాకేజీ ఫైల్, అందులో ఉంటే దాన్నే మళ్లీ వేసే ప్రమాదం ఉందట), ఆ లైబ్రరీ ఒక్కటీ విడిగా దించి డీపీకేజీతో నేరుగా వేసింది. ఆ తర్వాత మిగతావి సాఫీగా అయిపోయాయి. మధ్యలో మైఎస్‌క్యూఎల్ సెట్టింగుల ఫైల్ మీది ఉంచమంటారా, కొత్తది వేయమంటారా అని అడిగితే నన్ను పిలిచి చూపించి, మాదే ఉంచింది. కొత్తది దాని పక్కనే వేరే పేరుతో ఉంటుంది, తీరిగ్గా పోల్చుకోమంది.

నేనైతే డేటాబేస్ లేచింది కదా, ఇక పోదాం అనేవాణ్ని. అక్క వదల్లేదు. వెరిఫై కమాండ్ ఒకటి కొట్టి ప్రతి ప్యాకేజీ చెక్‌సమ్‌లు (ఫైల్ మారిందో లేదో చెప్పే సంఖ్యలు) సరిపోల్చింది. స్క్రీన్ మీద వరసలు వచ్చాయి, ప్రశ్న గుర్తుల మధ్యలో ఒక 5 అంకె. ఆ 5 ఉంటే ఫైల్ అసలుదానికి తేడాగా ఉన్నట్టు. పక్కన సి అక్షరం ఉంటే అది కాన్ఫిగ్ ఫైల్, అంటే మనం మార్చుకున్నదే కావచ్చు, కంగారు పడక్కర్లేదు. సి లేకుండా 5 ఉన్న వరసలు నాలుగు కనిపించాయి. వాటిలో ఒకటి పీడీఎఫ్ బిల్లు ప్రింటుకి వాడే లైబ్రరీ. అంటే డేటాబేస్ లేచిందని సంబరపడి ఇంటికి పోయుంటే సోమవారం ప్రింట్ల దగ్గర మళ్లీ ఏడ్చేవాళ్లం. ఆ నాలుగు ఫైళ్లు ఏ ప్యాకేజీలవో వెతికి వాటిని రీఇన్‌స్టాల్ చేసి, మళ్లీ వెరిఫై కొట్టి, సి ఉన్న వరసలు తప్ప ఇంకేమీ లేవని చూపించాకే ఆపింది.

ఇలా ఎందుకైందని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. డీపీకేజీ మామూలుగా కొత్త ఫైల్‌ని వేరే పేరుతో రాసి, డిస్కులో పూర్తిగా పడ్డాక అసలు పేరు పెడుతుంది, కాబట్టి మధ్యలో కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి నిండుగా ఉండాలి. కానీ కొన్ని డిస్కులు ఇంకా తమ క్యాషులోనే (తాత్కాలిక మెమరీలోనే) ఉన్నదాన్ని రాసేశానని చెప్తాయి. కరెంటు పోతే క్యాషు పోతుంది, పేరు మాత్రం మిగులుతుంది. యూపీఎస్ బ్యాటరీ మార్చు, అది కుదరకపోతే డిస్కు రైట్ క్యాషు ఆపెయ్, కొంచెం స్లో అవుతుంది అంతే అంది. ఇంకో మాట కూడా చెప్పింది, ఇంటి నుంచి ఎస్సెస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) అప్‌డేట్ పెడితే టీమక్స్ (నెట్ తెగినా పని ఆగకుండా చూసే ప్రోగ్రామ్) లోపల పెట్టమని. ఉబుంటు ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కి మారేటప్పుడు ఆ ఏర్పాటు అదే చేసుకుంటుంది, స్క్రీన్ అనే అలాంటి ప్రోగ్రామ్‌లోనే నడుస్తూ 1022 పోర్టులో లాగిన్‌కి ఇంకో దారి కూడా తెరిచి పెడుతుంది, రోజువారీ అప్‌డేట్లకు మాత్రం అలా చేయదు, నెట్ తెగితే అక్కడే తెగినట్టు. డేటాబేస్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేస్తే మన డేటా కదలదు కానీ, ఎవరో చెప్పారని పర్జ్ (సెట్టింగులతో సహా తీసేసే కమాండ్, డేటా కూడా పోవచ్చు) మాత్రం కొట్టొద్దని రెండుసార్లు చెప్పింది.

మొత్తం 5,000 తీసుకున్నారు, డిస్కు కాపీకి 1,500, రిపేరుకి 3,500. సాయంత్రం నాలుగింటికి సర్వర్ మళ్లీ ఆటోలో, ఆరింటికి బిల్లులు మొదలు. బిల్లుతో పాటు కొట్టిన కమాండ్లన్నీ, రీఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. ఏం చేశారో ఇలా చేతికి రాసిచ్చినవాళ్లను నేనైతే ఇదే మొదటిసారి చూడటం.

బాగోలేనివీ ఉన్నాయి. మెట్లు బాగా ఇరుకు, బరువు సర్వర్ అయితే ఇద్దరు ఉండాల్సిందే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఫోన్ ఎత్తరు. జీఎస్టీ బిల్లు మంగళవారం దాకా రాలేదు, రెండుసార్లు అడగాల్సి వచ్చింది. వీటికన్నా పెద్దది, మా డిస్కు కాపీ వారం రోజులు వాళ్ల దగ్గరే ఉంది. ఏదైనా తేడా వస్తే పనికొస్తుందని ఉంచారు, అది మంచికే, కానీ అందులో మా కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీలు అన్నీ ఉన్నాయి. ఎక్కడ పెడతారు, ఎప్పుడు తుడుస్తారు అన్నది రాతపూర్వకంగా ఇవ్వరు. వారం తర్వాత వెళ్లి నా ముందే తుడిపించాను, అన్న ఏమీ అనుకోలేదు. అయినా ఇది కస్టమర్ అడిగితే చేసే పని కాకూడదు, వాళ్లే ఒక కాగితం పెట్టుకోవాలి. ఈ మాట వాళ్లకూ చెప్పాను.

ఆదివారం సెలవు. బండి పెట్టే చోటు అస్సలు దొరకదు, మెట్రోలో చిక్‌పేటలో దిగి నడవడం మేలు. డిస్కు ఒక్కటే విప్పి తెచ్చినా చూస్తామన్నారు, అలా తెస్తే రైట్ క్యాషు సెట్టింగు మాత్రం ఇంటికొచ్చాక మీరే చేసుకోవాలి, ఎలాగో రాసిస్తారు.