కుడి చెవికి ఒక అచ్చు, ఎడమ చెవికి ఒక అచ్చు

గుంటూరు అరండల్‌పేటలోని ఒక వినికిడి కేంద్రంలో నా రెండు చెవులకూ అచ్చులు తీయించుకుని ఆరు నెలలైంది. అచ్చు అంటే వినికిడి యంత్రానికి తగిలించి చెవిలో పెట్టుకునే, మన చెవి ఆకారానికే చేసిన ముక్క. వినికిడి యంత్రం కొన్నవాళ్ళు, కొనబోయేవాళ్ళు చదవాలని రాస్తున్నాను.

అంతకు ముందు ఏడాది యంత్రంతోపాటు ఇచ్చిన రబ్బరు బుడిపెలతోనే నెట్టుకొచ్చాను. అన్నం నములుతుంటే ఎడమది జారి కంచంలో పడేది. చెవి దగ్గరికి చెయ్యి వెళితే చాలు, ఈల. "మళ్ళీ కూస్తోందండీ" అనేది మా ఆవిడ. యంత్రం అమ్మినవాళ్ళు మూడు సైజులు మార్చి ఇచ్చారే తప్ప నా చెవిలోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

ఈ కేంద్రంలోని ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణురాలు, చిన్న వయసు అమ్మాయి. ముందు లైటు వేసి చూసింది. "కుడి చెవిలో గులిమి ఉంది మాస్టారూ, డాక్టరు దగ్గర తీయించుకుని రండి" అని ఆ రోజుకు పైసా తీసుకోకుండా పంపేసింది. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

మళ్ళీ వెళ్ళినప్పుడు కర్ణభేరికి దెబ్బ తగలకుండా దారం కట్టిన స్పాంజి ముక్క లోపల పెట్టి, రెండు రంగుల ముద్దలు కలిపి సిరంజితో చెవి నింపింది. చల్లగా ఉంది. నోరు తెరుస్తూ మూస్తూ ఉండమంది. దవడ కదిలితే చెవి దారి ఆకారం కూడా మారుతుందట. బుడిపె కంచంలో ఎందుకు పడేదో అప్పుడు తెలిసింది. అయిదు నిమిషాల తరువాత రెండు అచ్చులూ బల్ల మీద పెడితే ఒకే మనిషివని అనిపించలేదు. ఎడమది మొదట్లోనే వంపు తిరిగింది, కుడిది దాదాపు తిన్నగా ఉంది.

ముప్పయి ఒక్క సంవత్సరాలు జీవశాస్త్రం చెప్పాను. తల్లి గర్భంలో ఆరో వారం ప్రాంతంలో ఆరు చిన్న బుడిపెలు పుట్టి, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి చెవి దొప్ప అవుతుందని తెలుసు. కానీ తమ్మె చెంపకు అతుక్కుని ఉంటుందా, వేలాడుతుందా అన్నది ఒకే జన్యువు తేలుస్తుందని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. అది తప్పు. 2017లో వచ్చిన పెద్ద పరిశోధన దీనికి సంబంధించి 49 జన్యు స్థానాలను గుర్తించింది. ఆ పాఠం నా దగ్గర విన్నవాళ్ళు దయచేసి దిద్దుకోండి.

ఆ కొలతలతో చేసిన అచ్చులు వచ్చాక ఈల పోయింది. లోపల సందు లేకపోతే శబ్దం బయటికి కారి మళ్ళీ మైకులో పడదు. మొదట్లో నా గొంతు నాకే కడవలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపించింది. అచ్చులోని గాలి రంధ్రం కొంచెం పెద్దది చేశాక తగ్గింది. కుడి అచ్చు పై అంచు ఒరుసుకుని మూడో రోజుకు చెవి ఎర్రబడితే, మళ్ళీ కొలత తీసి ఉచితంగా చేసిచ్చారు. దానికి పది రోజులు పట్టింది. అచ్చు ఒక్కోటి 1,800 రూపాయలు.

తీరని లోపం ఒకటుంది, దాన్ని ఆ అమ్మాయి ముందే చెప్పింది. శబ్దం పైనుంచా కిందనుంచా, ముందునుంచా వెనకనుంచా అన్నది మెదడు పోల్చుకోవడానికి దొప్పలోని మడతలు, గుంటలు సాయం చేస్తాయి. నా యంత్రం మైకు చెవి వెనక, దొప్పకు పైన ఉంటుంది కనుక ఆ మడతల పని దానికి అందదు. బ్రాడీపేట సందుల్లో వెనకనుంచి వచ్చే ఆటో ఇప్పటికీ ఎదురుగా వస్తున్నట్టే ఉంటుంది. రోడ్డు దాటేటప్పుడు తల తిప్పి చూస్తున్నాను, మీరూ చూడండి.

వాళ్ళ మీద నా ఫిర్యాదు మెట్ల గురించే. కేంద్రం రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నా వయసువాళ్ళు. కింది గది అద్దెకు తీసుకోమని రెండుసార్లు చెప్పాను, మళ్ళీ చెబుతాను. వెళ్ళేవాళ్ళు ఉదయం పదింటికల్లా వెళ్ళండి, సాయంత్రం రద్దీలో కొలత నిదానంగా తీయడానికి ఆమెకు వీలు చిక్కదు.