‘హెచ్‌డీ దేవదాసు’ డిస్కు కొనకండి, మా నాయిన తన కళ్లే పోయాయనుకున్నాడు

నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను కానీ, ఈలోపు ఇంకెవరైనా ఆ డిస్కు అమ్మే ఆయనకు డబ్బులు పంపిస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను. పాత తెలుగు సినిమాల డిస్కులు కొనేవాళ్లకి ఆయన ఎవరో చెప్పక్కర్లేదు. రోజూ వాట్సాప్ స్టేటస్‌లో “రీస్టోర్డ్”, “హెచ్‌డీ”, “కలెక్టర్స్ ఎడిషన్” అని పెట్టేది ఆయనే. ఆయన దగ్గర 1953 నాటి దేవదాసు కొన్నాను. డిస్కు 899 రూపాయలు, కొరియర్‌కి ఇంకో 100.

మా నాయినకి డెబ్బై తొమ్మిదేళ్లు. మూడు వారాల కింద నల్లగొండలోనే కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు గోడమీది క్యాలెండర్‌లో తేదీలు చదివి ఎంత సంబరపడ్డాడో. టీవీ చూడొచ్చని డాక్టర్ చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే, “దేవదాసు దొరుకుతదా బిడ్డా? సావిత్రిని మంచిగ చూస్త.” పదిహేడేళ్లప్పుడు నకిరేకల్ దగ్గర టూరింగ్ టాకీసులో నేల టికెట్టు తీసుకుని చూశాడట. అంతకుముందే ఆ సినిమాకి మూలమైన శరత్ నవల తెలుగు అనువాదం లైబ్రరీలో తెచ్చుకుని చదివాడు. జమీందారు కొడుక్కి, పక్కింటి పిల్లకి మధ్య గోడ ఎట్లా లేస్తుందో ఆ వయసులో ఆయనకు బాగా అర్థమైందని మా అమ్మ చెప్పేది. ఆ సంగతులు ఇక్కడ వద్దు. ఆయనకి ఆ సినిమా అంటే ఏమిటో మీకు తెలియాలని చెప్పానంతే.

డబ్బులు పంపేముందు శాంపిల్ అడిగాను. ముప్పై సెకన్ల క్లిప్ పంపాడు. పార్వతి అర్ధరాత్రి దేవదాసు గదికి వచ్చే సీన్. ఫోన్‌లో చాలా బాగుంది. ముఖం మీద దీపం వెలుగు, వెనక చీకటి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అరచేతిలో పట్టే తెరమీద ఏదైనా స్పష్టంగానే ఉంటుందని నాకు ఆ క్షణంలో తట్టలేదు. ఇంటర్ పిల్లలకి కంప్యూటర్స్ చెప్పేదాన్ని నేను. “బ్లూ-రే మాస్టర్ నుంచి తీసిన హెచ్‌డీ డీవీడీ, మామూలు ప్లేయర్‌లో కూడా ఆడుతుంది” అని కవరు ఫోటోలో ఉంటే అప్పుడే ఆగి ఉండాలి. మన దగ్గర డీవీడీ సినిమాలో ఒక్కో ఫ్రేమ్ 720 బై 576 చుక్కలు. హెచ్‌డీ అనాలంటే కనీసం 1280 బై 720 ఉండాలి, డీవీడీ తర్వాత వచ్చిన బ్లూ-రే డిస్కులో 1920 బై 1080 ఉంటుంది. మామూలు ప్లేయర్‌లో ఆడే డీవీడీలో హెచ్‌డీ ఉండదు. ఇవన్నీ తెలిసి కూడా డబ్బులు పంపాను. నాయిన అడిగాడన్న తొందరలో ఆలోచించలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

నిన్న సాయంత్రం చుక్కలమందు వేసి, నల్లద్దాలు తీసి, ఆయన్ని టీవీ ముందు మంచం మీద కూర్చోబెట్టాను. టైటిల్స్ వస్తున్నప్పుడే కుడివైపు పైమూలన ఒక మసక మచ్చ కనిపించింది. ఏదో చానల్‌లో వచ్చినప్పుడు రికార్డు చేసి, ఆ చానల్ గుర్తు మీద మసక పూశారు. సినిమా అంతా ఆ మచ్చ అట్లాగే ఉంది. బొమ్మని అడ్డంగా సాగదీశారు. ఆ రోజుల్లో సినిమా ఫ్రేమ్ దాదాపు పాత టీవీ ఆకారంలో, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37గా ఉండేది. ఇప్పటి వెడల్పు టీవీల్లో చూపిస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. పట్టీలు ఉంటే కొనేవాళ్లు తిడతారని సాగదీస్తారు. సావిత్రి ముఖం పళ్లెంలా అయిపోయింది. నాగేశ్వరరావు పొట్టిగా, లావుగా కనిపించాడు.

మాట కూడా సరిగ్గా లేదు. సినిమాది మోనో సౌండ్, అంటే శబ్దమంతా ఒకే ట్రాకులో ఉంటుంది. దానికి ఎకో కలిపి, చుట్టూ ఆరు స్పీకర్లలో వచ్చే సౌండ్ అన్నట్టు కవరు మీద “5.1” అని వేశారు. సంగీతం సి.ఆర్.సుబ్బరామన్‌ది. సినిమా విడుదల కాకముందే, 1952లోనే ఆయన చనిపోయారు. మిగిలిన పని ఆయన దగ్గర చేసిన విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. అంత కష్టపడి నిలబెట్టిన పాటల్లో ఘంటసాల గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. కొన్ని పాటలైతే అసలు లేనేలేవు.

ఇదంతా నేను భరించేదాన్నే. పాత సినిమా, పాత ప్రింటు అని సర్దుకుపోయేదాన్ని. నా గుండె ఆగినంత పనైంది ఆ అర్ధరాత్రి సీన్ దగ్గర. వాట్సాప్‌లో పంపింది ఆ సీనే. డిస్కులో అది వేరే కాపీ. ఈ సినిమాకి కెమెరా బి.ఎస్.రంగా. నలుపు తెలుపుల్లో ఆయన చీకటికి కూడా రకరకాల రంగులున్నట్టు చూపించారు. ఈ డిస్కులో ఆ చీకటంతా నల్ల పెంకులు పేర్చినట్టు గడులు గడులుగా విరిగిపోయింది. పార్వతి ముఖంలో కళ్లు, ముక్కు ఏవీ తెలియట్లేదు, తెల్లటి మరక కదులుతున్నట్టుంది. నాయిన ముందుకి వంగాడు. కన్ను తుడుచుకున్నాడు. ఎడమ కన్ను చేత్తో మూసుకుని చూశాడు, తర్వాత కుడి కన్ను మూసుకుని చూశాడు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు, “ఆపరేషన్ ఖరాబైనట్టున్నది బిడ్డా. మల్ల మసక కొడుతున్నది.”

కాదు నాయినా, డిస్కే బాగాలేదు, నాకు కూడా ఇట్లాగే కనిపిస్తోంది అని ఎంత చెప్పినా వినలేదు. నేను ఓదార్చడానికి అంటున్నాననుకున్నాడు. న్యూస్ చానల్ పెట్టి చూపించాను, అక్షరాలు చదివాడు. అయినా అనుమానం పోలేదు. సోమవారం కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను, ఆయన నోటితో చెబితే తప్ప నమ్మేలా లేడు.

వెంటనే అమ్మినాయనకి ఫోన్ చేశాను. రెండు చేతులూ డిస్కు తీసే పనిలో ఉన్నాయని స్పీకర్ పెట్టాను. పక్కనే నాయిన ఉన్నాడన్న సంగతి ఆలోచించలేదు. ముందు “సీల్ తీశారు కదా మేడం, రిటర్న్ లేదు” అన్నాడు. సీల్ తీయకుండా సినిమా ఎట్లా చూడాలని అడిగాను. “డెబ్బై ఏళ్ల సినిమా, గట్లనే ఉంటది” అన్నాడు. మరి శాంపిల్ ఎక్కడిది అన్నాను. దానికి జవాబు లేదు. హక్కుల మాట ఎత్తితే, “అరవై ఏళ్లు దాటినయి మేడం, ఎవరికీ హక్కుల్లేవు, ఎవరన్న అమ్ముకోవచ్చు” అన్నాడు. సినిమా కాపీరైట్ వరకైతే ఆ మాట నిజమే. మన చట్టంలో సినిమా కాపీరైట్ విడుదలైన ఏడాది ముగిశాక అరవై ఏళ్లే, 1953 సినిమాకి అది 2013తో అయిపోయింది. అందుకే ఒకే సినిమా పది రకాల కవర్లలో వస్తుంది. అమ్ముకునే హక్కు ఉంటే ఉండొచ్చు, లేని హెచ్‌డీని ఉందని చెప్పి అమ్మే హక్కు ఎక్కడిది? ఆ మాటే అన్నాను. మా నాయినకి కంటి ఆపరేషన్ అయింది, ఆయన కోసమే కొన్నాను అని కూడా చెప్పాను. అప్పుడన్నాడు.

“ఆ వయసోళ్లకు క్లారిటీ ఎందుకు మేడం? ముందు మీ నాయినకు కండ్లు కనబడుతున్నయో లేదో చూస్కోండి.” అని నవ్వాడు.

నాయిన విన్నాడు. ఒక్క మాట కూడా అనలేదు. “ఫోన్ పెట్టెయ్ బిడ్డా” అని అటువైపు తిరిగి పడుకున్నాడు. నాకు 999 రూపాయలు పోయినందుకు బాధ లేదు. ఆ నవ్వు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. నేను స్పీకర్ పెట్టకుండా ఉంటే ఆయన వినేవాడు కాదు కదా అని రాత్రంతా అదే ఆలోచన. మళ్లీ చేస్తే నా నంబర్ బ్లాక్ చేశాడు.

ఉదయం డిస్కు ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. అడుగు భాగం ఊదారంగులో ఉంది, అంటే ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో కాపీ చేసిన డిస్కు అది. కంపెనీలో అచ్చైన డిస్కు అడుగున వెండిలా మెరుస్తుంది. మామూలు డీవీడీలో 4.7 జీబీ దాకా పడుతుంది, రెండు పొరలదైతే 8.5. ఇందులో మొత్తం సినిమాని 1.4 జీబీకి కుదించారు, బొమ్మ గడులుగా విరిగింది అందుకే. మూడు గంటల పైన ఉండాల్సిన సినిమా రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలే ఉంది. చివర్లో దేవదాసు పార్వతి ఊరు చేరి, ఆ ఇంటి ముందు ప్రాణం వదిలే చోట కూడా తెర అడుగున ఆయన ఫోన్ నంబర్ పరుగెడుతోంది. దాన్ని చూశాక ల్యాప్‌టాప్ మూసేశాను. నాయిన అక్కడిదాకా చూడకపోవడమే మంచిదైంది.

ఒకప్పుడైతే నల్లగొండలో సీడీ షాపుకి వెళ్లి, అక్కడి టీవీలోనే వేయించి చూసి కొనేవాళ్లం. ఇప్పుడు కొనాల్సి వస్తే డిస్కు అడుగుభాగం ఫోటో, సినిమా నిడివి, ఫైల్ సైజు ముందే అడగండి. శాంపిల్‌ని ఫోన్‌లో కాదు, టీవీలో వేసి చూడండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్న కాపీ కూడా దీనికంటే నయం, ఈ ఉదయమే చూశాను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. వినకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. అమ్మినాయన ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు. యూపీఐ రసీదు, ఆ శాంపిల్ క్లిప్, కవరు ఫోటోలు దాచిపెట్టాను. మీలో ఇదే డిస్కు కొన్నవాళ్లుంటే మీ దాంట్లో సినిమా ఎంతసేపు వచ్చిందో, ఏ పాటలు లేవో రాయండి. ఫిర్యాదుకి జతచేస్తాను.