ద్రాక్ష గింజల నూనె: కొనొచ్చు, బజ్జీలకు మాత్రం వద్దు

సూపర్ మార్కెట్లో ఆలివ్ నూనె పక్కన లేతాకుపచ్చ రంగులో కనబడే సీసా ఇది. ఎక్కువగా ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ సరుకు. వైన్ తీశాక మిగిలిన పిప్పిలోంచి గింజలు ఏరి పిండిన నూనె. ధర పొద్దుతిరుగుడు నూనెకు కొన్ని రెట్లు. అంత డబ్బుకు తగ్గ పనులు దీనికి కొన్నే ఉన్నాయి. వాటికి మాత్రం బాగా పనికొస్తుంది.

నూరు కిలోల ద్రాక్షకు 20 నుంచి 25 కిలోల పిప్పి దిగుతుంది. పులుపూ వగరూ ఎక్కువ కాబట్టి గుట్టగా పోస్తే త్వరగా చివకదు. వాన పడితే దాని ఊట వాగుల్లోకి దిగుతుంది. అందుకే అక్కడ చాలా చోట్ల పిప్పిని డిస్టిలరీకి తోలతారు. మొదట ఆల్కహాల్, తర్వాత టార్టారిక్ ఆమ్లం, ఆపైన గింజల నూనె తీస్తారు. నూనె తీశాక మిగిలిన గింజల చెక్క బాయిలర్‌లోకో ఎరువులోకో పోతుంది. పారేసే సరుకు నుంచి ఇన్ని తీయడం మెచ్చుకోవలసిన పనే. అయితే గింజలో నూనె 10 నుంచి 16 శాతమే. వేరుశనగలో సగానికి దగ్గరగా ఉంటుంది. ధర అంతగా పలకడానికి ఇదీ ఒక కారణం.

నాణ్యత చెడేది ఎక్కువగా ఎండబెట్టే దగ్గరే. తడి పిప్పిలోంచి గింజల్ని వెంటనే వేరుచేసి, తేమ 10 శాతం లోపుకు దించాలి. ఆలస్యమైతే బూజు పడుతుంది, నూనెలో ఆమ్లత్వం పెరుగుతుంది. తొందరపడి మంట పొగ నేరుగా తగిలేలా ఆరబెడితే పొగలో ఉండే బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారక పదార్థాలు గింజకు పట్టి నూనెలోకి దిగుతాయి. యూరప్‌లో బెంజోపైరీన్‌కు పరిమితి కిలో నూనెకు 2 మైక్రోగ్రాములు. రిఫైన్ చేసేటప్పుడు యాక్టివేటెడ్ కార్బన్‌తో దీన్ని చాలావరకు తీసేయవచ్చు. వేడి చేయకుండా పిండే కోల్డ్ ప్రెస్డ్ నూనెకు ఆ దశ ఉండదు. కాబట్టి ఇక్కడ ‘రిఫైన్డ్’ అన్న మాట చూసి మొహం తిప్పుకోనక్కర్లేదు. కోల్డ్ ప్రెస్డే కావాలంటే గింజల్ని ఎలా ఆరబెట్టారో చెప్పే తయారీదారు దగ్గరే కొనండి.

ఇక సీసా మీద రాతలు. ‘రెడ్ వైన్‌లోని యాంటీ ఆక్సిడెంట్లు’ అని ఉంటే నమ్మకండి. ఆ వగరు పదార్థాలు నూనెలో కరగవు. దాదాపు అన్నీ చెక్కలోనే ఉండిపోతాయి. అవే కావాలంటే గింజల పిండి కొనుక్కోవడం నయం. నూనెలో 58 నుంచి 78 శాతం లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే, అంటే కొవ్వుల లెక్కలో మామూలు పొద్దుతిరుగుడు నూనెకు దగ్గరి చుట్టమే.

వంటింట్లో దీని బలం రుచి లేకపోవడం. రిఫైన్డ్ రకానికి వాసన దాదాపు ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టదు. మయొనైజ్‌కు ఇంతకన్నా మంచి నూనె దొరకడం కష్టం: ఒక పచ్చసొన, చెంచా ఆవముద్ద, పెద్ద చెంచా నిమ్మరసం, 150 మిల్లీలీటర్ల నూనె. మొదటి రెండు చెంచాలు చుక్కచుక్కగా పోయాలి, లేకపోతే విరిగిపోతుంది. సలాడ్‌కు మూడు పాళ్ల నూనె, ఒక పాలు నిమ్మరసం. దోసెకూ పెసరట్టుకూ అరచెంచా చాలు, కాకపోతే అక్కడ వేరుశనగ నూనె ఇచ్చే కమ్మదనం రాదు. ఆవకాయకు అసలు వద్దు. ఆ కారానికి తోడు నిలిచే వాసన దీనికి లేదు, నెలల తరబడి నిలవుంటే కనరెక్కుతుంది కూడా.

బూరెలకూ బజ్జీలకూ బాణలి నిండా పోస్తే మరో తంటా. రిఫైన్డ్ నూనె 200 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా గానీ పొగరాదు. అది చూసి మోసపోతారు. పొగ రాకపోయినా లినోలిక్ ఆమ్లం వేడికి గాలితో కలిసి చిక్కబడుతుంది. వాయి మీద వాయి వేసేకొద్దీ నురుగు మొదలై, బాణలి అంచున వార్నిష్ పూసినట్టు జిగట పసుపు పొర కడుతుంది. పీచుతో రుద్దినా ఓ పట్టాన వదలదు.

ముదురు రంగు గాజు సీసాలో 250 మిల్లీలీటర్లది తీసుకోండి. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు నెలల్లో వాడేయాలి. పాత పెయింట్ వాసన వస్తే పారేయండి. జుట్టుకూ చర్మానికీ అమ్మే ద్రాక్ష గింజల నూనె సీసాలూ ఇలాగే ఉంటాయి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు లేనిది పొయ్యి దగ్గరికి రానివ్వకండి.