కెర్నల్‌లో బగ్ పట్టడానికి ప్రింట్లా, సొంత హెల్పరా, జీడీబీనా: ఏది మేలు?

పోయిన ఆదివారం పొద్దున్నే మా బాబాయి కొడుకు ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని మియాపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే "అక్కా, ప్రింట్ పెడితే బగ్ పోతోంది, తీసేస్తే మళ్లీ వస్తోంది, ఏందిది?" అన్నాడు. ఘట్‌కేసర్ దగ్గర కాలేజీలో బీటెక్ మూడో ఏడు, ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం ఎక్స్‌వీ6 మీద పని చేస్తున్నాడు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్‌ను చూసి ఎంఐటీ వాళ్లు 2006లో పాఠం చెప్పడానికి కొత్తగా రాసుకున్న చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) అది. ఇప్పుడు రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ మీద నడుస్తుంది, మెషిన్‌ను సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే క్యూఈఎంయూ ఉంటే ఏ ల్యాప్‌టాప్‌లోనైనా లేస్తుంది.

వాడు చేస్తున్నది కాపీ-ఆన్-రైట్ ఫోర్క్. ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ (ప్రాసెస్) తనలాంటి ఇంకోదాన్ని పుట్టించడం. ఫోర్క్ అయ్యాక తండ్రి ప్రాసెస్, పిల్ల ప్రాసెస్ ఒకే పేజీలను (మెమరీ ముక్కలను) పంచుకుంటాయి, ఎవరైనా రాయబోయినప్పుడే ఆ పేజీకి కాపీ తీస్తారు. ఒక్కో పేజీని ఎంతమంది వాడుతున్నారో లెక్క పెట్టుకోవాలి, లెక్క సున్నాకి వస్తే పేజీని ఫ్రీ చెయ్యాలి. వాడి కోడ్ ఒకసారి టెస్ట్ పాసవుతోంది, తర్వాత మూడుసార్లు పానిక్ అవుతోంది (కెర్నల్ చేతులెత్తేసి ఆగిపోతోంది), అది కూడా ఒకే చోట కాదు, ఒక్కోసారి ఫ్రీవాక్ అనే ఫంక్షన్ దగ్గర, ఒక్కోసారి కెర్నల్‌ట్రాప్ అనే ఫంక్షన్ దగ్గర. ఫైల్ తెరిచి చూస్తే 23 ప్రింట్లు (ఎక్కడిదాకా వచ్చామో స్క్రీన్ మీద రాసే లైన్లు) ఉన్నాయి.

ఇలాంటి బగ్‌ను ప్రింట్లతో పట్టాలా, ప్రోగ్రామ్‌ను ఆపి లోపల చూసే జీడీబీతోనా, సొంతంగా రాసుకున్న చిన్న డీబగ్ ఫంక్షన్ (హెల్పర్)తోనా? ఆ రోజంతా మేమిద్దరం మాట్లాడుకున్నది ఇదే. నేను ఆఫీసులో లినక్స్ డ్రైవర్లు రాస్తాను, అక్కడా ఇదే ప్రశ్న వారానికోసారి వస్తుంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రింట్ల సంగతి. ప్రింట్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. దానికి సెటప్ అక్కర్లేదు, కొత్తగా నేర్చుకునేదీ లేదు, లినక్స్ కెర్నల్ ప్రింట్ ఫంక్షన్ ప్రింట్‌కే అయితే ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలిస్తే అప్పటికప్పుడు నడిచే కోడ్) నుంచి కూడా పిలవచ్చు. ప్రతిసారీ ఒకే చోట, ఒకేలా వచ్చే బగ్ అయితే రెండు ప్రింట్లతో పది నిమిషాల్లో తేలిపోతుంది. నేను కూడా మొదట పెట్టేది అదే.

చిక్కంతా టైమింగ్ మీద ఆధారపడే బగ్‌లతో. ప్రింట్లు బయటికి పోయే సీరియల్ పోర్టు సెకనుకు 115200 బిట్ల వేగంతో ఉందనుకోండి, ఒక్కో అక్షరానికి 10 బిట్లు పడతాయి కాబట్టి సెకనుకు 11,520 అక్షరాలు వెళ్తాయి, అంటే 80 అక్షరాల లైను ఒక్కటి బయటికి పోవడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు కావాలి. కెర్నల్ లోపల 7 మిల్లీసెకన్లంటే చాలా ఎక్కువ. కొన్నేళ్ల క్రితం ఒక బోర్డు మీద పని చేస్తూ, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న యూఎస్‌బీ సీరియల్ కేబుల్ పెట్టుకుని, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో రెండు ప్రింట్‌కేలు పెట్టాను. అంతే, అప్పటిదాకా బాగున్న డివైస్ టైమవుట్ ఇవ్వడం మొదలుపెట్టింది, నేను రెండు రోజులపాటు అసలు లేని బగ్ కోసం వెతికాను.

మా తమ్ముడి విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఎక్స్‌వీ6 ప్రింట్‌ఎఫ్ లోపల ఒక లాక్ తీసుకుంటుంది, ఒక సీపీయూ ప్రింట్ చేస్తుంటే మిగతావి ఆగాలి. డిఫాల్ట్‌గా 3 సీపీయూలతో నడుస్తుంది కదా, వాటిలో కనీసం రెండు ఒకేసారి పేజీ లెక్క తగ్గించడానికి వచ్చినప్పుడే బగ్ రావాలి, మధ్యలో ప్రింట్ లాక్ పెడితే అవి బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి క్యూలో నిలబడిపోతున్నాయి. బగ్ పోలేదు, దానికి అవకాశం పోయింది. మేక్‌ఫైల్‌లో సీపీయూలు 1 అని పెట్టి నడిపిస్తే పానిక్ రాలేదు, అక్కడే విషయం సగం అర్థమైంది.

జీడీబీ గురించి ఎక్కువ చెప్పను. ఎక్స్‌వీ6లో ఒక టెర్మినల్‌లో క్యూఈఎంయూ, ఇంకో టెర్మినల్‌లో జీడీబీ, పది నిమిషాల్లో సిద్ధం. నేర్చుకునేటప్పుడు దానంత మంచి గురువు లేడు, ట్రాప్ (నడుస్తున్న కోడ్‌ను ఆపి కెర్నల్‌లోకి దూకడం) వచ్చినప్పుడు రిజిస్టర్లలో ఏం మారుతుందో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపిస్తూ చూస్తే క్లాసులో విన్న నాలుగు గంటల పాఠం అరగంటలో ఎక్కుతుంది. కానీ బ్రేక్‌పాయింట్ (ఇక్కడ ఆగు అని పెట్టిన గుర్తు) తగిలితే మూడు సీపీయూలూ ఆగిపోతాయి. రేస్ బగ్‌లో (సీపీయూలు ఒకే చోటికి పోటీపడినప్పుడు వచ్చే బగ్‌లో) మనకు కావలసింది అవి పరుగెడుతున్నప్పుడు ఏం జరిగిందన్నది. పైగా ఆఫీసులో కస్టమర్ దగ్గరున్న మెషిన్‌ను ఆపి చూస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. లినక్స్‌లో 2008 నుంచి కెర్నల్ కోసం కేజీడీబీ అనే డీబగర్ ఉంది, ఎదురుగా టేబుల్ మీదున్న బోర్డు అయితే వాడండి.

ఇక హెల్పర్. నా ఓటు దీనికే, కానీ హెల్పర్ అంటే ఏ హెల్పర్ అన్నది ముఖ్యం.

మొదట రాసుకోవాల్సింది బ్యాక్‌ట్రేస్, అంటే ఇప్పుడున్న చోటికి ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చామో చెప్పేది. ఎంఐటీ వాళ్ల ల్యాబుల్లో ఒకదాంట్లో దీన్నే రాయిస్తారు, మా వాడు ఆ ల్యాబ్ దాటేసి నేరుగా కాపీ-ఆన్-రైట్‌కి వచ్చేశాడు. రిస్క్-ఫైవ్‌లో ఎస్0 రిజిస్టర్ ఫ్రేమ్ పాయింటర్, అంటే స్టాక్‌లో (ఫంక్షన్లు తమ లెక్కలు పెట్టుకునే మెమరీలో) ఇప్పటి ఫంక్షన్ చోటును చూపించేది. దానికి 8 బైట్లు కింద రిటర్న్ అడ్రస్, 16 బైట్లు కింద ముందటి ఫ్రేమ్ పాయింటర్ ఉంటాయి. ఒకటి ప్రింట్ చెయ్, రెండోదానికి వెళ్లు, మళ్లీ అదే. గట్టిగా పదిహేను లైన్లు. వచ్చిన అడ్రస్‌లను యాడర్2లైన్ అనే టూల్‌కి ఇస్తే ఫైల్ పేరు, లైన్ నంబర్ చెప్పేస్తుంది. పానిక్ ఫంక్షన్ లోపలి నుంచి దీన్ని ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ తర్వాత ఎక్కడ పానిక్ అయినా దారి కనిపిస్తుంది. 23 చోట్ల "ఇక్కడికి వచ్చాం" అని రాసుకునే పని ఈ ఒక్కటి చేస్తుంది.

మా వాడు రాసిన మొదటి వెర్షన్ ఎక్కడ ఆగాలో చూసుకోలేదు. ఎక్స్‌వీ6లో కెర్నల్ స్టాక్ ఒక్క పేజీ, 4096 బైట్లు, ఫ్రేమ్ పాయింటర్ ఆ పేజీ దాటగానే ఆగిపోవాలి. ఆగకపోతే లూప్ చెత్త అడ్రస్‌ల మీదికి పోయి, బగ్ చూపించాల్సిన ఫంక్షనే పేజ్ ఫాల్ట్ (లేని, రాయకూడని మెమరీని ముట్టుకుంటే వచ్చే ట్రాప్) తెస్తుంది. పానిక్‌లో పానిక్, స్క్రీన్ నిండా చెత్త. హెల్పర్ రాసేటప్పుడు నేను అన్నిటికంటే పట్టుబట్టేది ఈ జాగ్రత్త దగ్గరే, ఎందుకంటే దీన్ని పిలిచేసరికే కెర్నల్ పాడై ఉంటుంది, మిగతా కోడ్ నమ్మే వేటినీ ఇది నమ్మకూడదు.

లాక్ సంగతే చూడండి. మామూలు కోడ్‌లో ప్రాసెస్ లిస్టు చదవాలంటే లాక్ తీసుకోవాలి, తీసుకోకపోతే రివ్యూలో పట్టుకుంటారు. ఎక్స్‌వీ6లో కంట్రోల్-పి నొక్కితే ప్రాసెస్‌లన్నీ చూపించే ప్రాక్‌డంప్ మాత్రం కావాలనే లాక్ తీసుకోదు, ఇప్పటికే ఇరుక్కున్న మెషిన్‌ను ఇంకా ఇరికించకూడదని అక్కడే కామెంట్‌లో రాసి ఉంటుంది. లాక్ పట్టుకుని ఉన్నవాడే ఇరుక్కుపోయి ఉంటే, హెల్పర్ కూడా ఆ లాక్ కోసం నిలబడితే ఇక చెప్పేవాడెవడు? ఒకటీ అరా విలువలు పాతవి రావచ్చు, పర్వాలేదు, ఏమీ రాకపోవడం కంటే నయం. అలాగే హెల్పర్ లోపల మెమరీ అడగకూడదు, నిద్రపోయే అవకాశమున్న ఏ ఫంక్షన్‌నూ పిలవకూడదు, ఇంటరప్ట్ మధ్యలో ఉన్నప్పుడు నిద్రపోవడం కుదరదు కదా. స్టాక్ మీద 1024 బైట్ల బఫర్ పెట్టుకోవడం కూడా వద్దు, ఎక్స్‌వీ6లో అది స్టాక్‌లో నాలుగో వంతు. లినక్స్‌లో 64 బిట్ ఎక్స్86 మీద 2014 నుంచి స్టాక్ 16 కేబీ ఉంది కానీ, మనం పిలిచే చోటికి వచ్చేసరికి ఎంత మిగిలుంటుందో మన చేతిలో లేదు.

ఇంత చేసినా బ్యాక్‌ట్రేస్ ఒక్కదానితో మా వాడి బగ్ దొరకలేదు. పానిక్ అయిన చోటికి ఎలా వచ్చామో చెప్పింది కానీ, అక్కడున్నది దెబ్బ తిన్నవాడు, కొట్టినవాడు ఎప్పుడో పక్క సీపీయూ మీద తన పని చేసుకుని వెళ్లిపోయాడు. బ్యాక్‌ట్రేస్‌కి తెలిసింది ఈ క్షణం, ఈ సీపీయూ, అంతే.

అప్పుడు రెండో హెల్పర్ రాశాం, నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. 64 గదుల చిన్న అరే. పేజీ లెక్క మారిన ప్రతిసారీ ఒక గదిలో నాలుగు సంగతులు రాసుకుంటుంది: పేజీ అడ్రస్, పెంచామా తగ్గించామా ఫ్రీ చేశామా, ఏ సీపీయూ, పిలిచింది ఎవరు. అరే నిండితే మళ్లీ మొదటి గది. ఏ గది అన్నది అటామిక్‌గా (మధ్యలో ఇంకో సీపీయూ దూరకుండా) ఒకటి కలిపి తీసుకుంటుంది, లాక్ లేదు, ప్రింట్ అంతకన్నా లేదు. నాలుగైదు స్టోర్‌లే (మెమరీలోకి రాతలే) కాబట్టి టైమింగ్ దాదాపు కదలదు. దీనితోపాటు పేజీని ఫ్రీ చేసే కేఫ్రీ ఫంక్షన్‌లో ఒక చెక్ పెట్టాం, ఫ్రీ చేయబోతున్న పేజీ అప్పటికే ఫ్రీ అయి ఉంటే అక్కడికక్కడే పానిక్, అప్పుడే ఆ 64 గదులూ ప్రింట్. ఈ చెక్ లేకపోతే అసలు పానిక్ వచ్చేసరికి మనకు కావలసిన గదుల మీద కొత్తవి రాసేసి ఉండేవి.

ఈసారి బగ్ మాయం కాలేదు. రెండో పరుగులోనే ఆగింది, చివరి గదుల్లో ఒకే పేజీకి రెండు ఫ్రీలు, ఒకటి సీపీయూ 0, ఒకటి సీపీయూ 2. ఒకటి తండ్రి ప్రాసెస్ పేజీ ఫాల్ట్ దారిలో వచ్చింది, ఇంకోటి పిల్ల ప్రాసెస్ ఎగ్జెక్ చేసి (కొత్త ప్రోగ్రామ్ ఎక్కించుకుని) పాత పేజీలు వదిలే దారిలో వచ్చింది. కోడ్ తీసి చూస్తే, లెక్క తగ్గించడం లాక్ లోపలే ఉంది, "సున్నా అయిందా?" అని చూడడం మాత్రం లాక్ వదిలేశాక ఉంది. 2 నుంచి ఒకడు 1కి తెచ్చాడు, ఇంకొకడు 0కి తెచ్చాడు, ఆ తర్వాత ఇద్దరూ చూసి సున్నా అనుకుని ఇద్దరూ ఫ్రీ చేశారు. ఒకే పేజీ ఫ్రీ లిస్టులో రెండుసార్లు చేరి, తర్వాత ఇద్దరు వేర్వేరు వాళ్ల చేతికి వెళ్లింది. అందుకే పానిక్ ఎక్కడ పడితే అక్కడ వచ్చింది.

లినక్స్‌లో పని చేసేవాళ్లయితే ఈ రెండూ సొంతంగా రాయక్కర్లేదు, ఇక్కడ నా అభిప్రాయం కొంచెం మారుతుంది. దారి కావాలంటే డంప్_స్టాక్ ఉంది. జరగకూడనిది జరిగితే ఒక్కసారి మాత్రం చెప్పమనడానికి వార్న్_ఆన్_వన్స్ ఉంది, బఫర్‌లో ఏముందో హెక్స్‌లో చూడడానికి ప్రింట్_హెక్స్_డంప్ ఉంది. మేము రాసుకున్న 64 గదుల పనిని ఇంకా బాగా చేసేది ట్రేస్_ప్రింట్‌కే, ఒక్కో సీపీయూకి వేరే రింగ్ బఫర్, రాసేది మెమరీలోకే, తీరిగ్గా తర్వాత చదువుకోవచ్చు. దాన్ని కోడ్‌లో వదిలేస్తే, ఇది డీబగ్ కెర్నల్, ప్రొడక్షన్‌లో వాడొద్దు అని పెద్ద నోటీసు బూట్ లాగ్‌లో కనిపిస్తుంది, కాబట్టి కమిట్ చేసే ముందు తీసేయాలి. ఎప్పటికీ ఉండాల్సిన మెసేజ్‌లకు పీఆర్_డీబగ్ పెట్టండి, డైనమిక్ డీబగ్ ఉన్న కెర్నల్ అయితే మళ్లీ కంపైల్ చేయకుండా ఫైల్ వారీగా, లైన్ వారీగా కూడా ఆన్ చేసుకోవచ్చు.

మరి లినక్స్‌లో సొంత హెల్పర్ ఎప్పుడు? మీ డ్రైవర్‌లోని స్ట్రక్చర్ మీకు మాత్రమే అర్థమయ్యేది అయినప్పుడు. మా డ్రైవర్‌లో డిస్క్రిప్టర్ రింగ్ (హార్డ్‌వేర్‌కి ఇచ్చే పనుల గుండ్రటి జాబితా) ఉంది, హెక్స్‌లో చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు, హెడ్ ఎక్కడుంది, టెయిల్ ఎక్కడుంది, ఏ డిస్క్రిప్టర్ ఇంకా హార్డ్‌వేర్ చేతిలో ఉంది అన్నది మూడు లైన్లలో చెప్పే చిన్న ఫంక్షన్ రాసుకున్నాం. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు కూడా దాని అవుట్‌పుట్ చూసి మాట్లాడగలుగుతున్నారు. దాన్ని స్టాటిక్‌గా ఆ ఒక్క ఫైల్‌లోనే ఉంచండి. వాడేవాళ్లు లేని ఫంక్షన్‌ను అందరికీ పనికొస్తుందని మెయిన్‌లైన్‌కి (అందరూ వాడే అసలు లినక్స్ కోడ్‌కి) పంపితే తీసుకోరు, పిలిచే కోడ్ కూడా కలిపి పంపాలి. ఇంకొకటి, 4.15 వెర్షన్ నుంచి మామూలు పాయింటర్ ప్రింట్ చేస్తే అసలు అడ్రస్ రాదు, హ్యాష్ చేసిన విలువ వస్తుంది, కెర్నల్ అడ్రస్‌లు బయటికి పొక్కకుండా పెట్టిన రక్షణ అది. ఇది తెలియక డేటాషీట్ పక్కన పెట్టుకుని అడ్రస్‌లు పోల్చుతూ కూర్చున్నవాళ్లను చూశాను.

సాయంత్రానికి మా వాడు ఆ చెక్‌ను లాక్ లోపలికి మార్చి, టెస్ట్ వరసగా ఇరవైసార్లు నడిపించాడు. తర్వాత ఆ 23 ప్రింట్లూ ఒక్కొక్కటిగా తీశాడు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ఉప్పల్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి బస్సు పట్టుకోవాలి, అయినా గుమ్మం దగ్గర ఆగి "అక్కా, సబ్మిట్ చేసేటప్పుడు హెల్పర్లు కూడా తీసెయ్యాల్నా?" అని అడిగాడు. బ్యాక్‌ట్రేస్ పానిక్‌లోనే ఉంచు, 64 గదులది ఒక మాక్రో వెనక పెట్టు, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండనీ, వచ్చే ల్యాబ్‌లో లాకింగ్ ఉందన్నావు కదా అన్నాను.