వెరాక్రిప్ట్ కీఫైల్: చాలాకాలం వాడాక నా మాట

హిమాయత్‌నగర్‌లో ట్యాక్స్ ప్రాక్టీసు నాది. క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16లు అన్నీ వెరాక్రిప్ట్ కంటైనర్‌లోనే ఉంటాయి. వెరాక్రిప్ట్ అంటే ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి దాచే ప్రోగ్రాం, కంటైనర్ అంటే దాంతో చేసిన తాళం పెట్టెలాంటి ఫైలు. పాస్‌ఫ్రేజ్‌తో (పొడవాటి పాస్‌వర్డ్‌తో) పాటు ఒక మామూలు ఫైలు కూడా చూపిస్తేనే అది తెరుచుకుంటుంది. ఆ ఫైలునే కీఫైల్ అంటారు. కొన్నేళ్లుగా ఇదే పద్ధతి, మార్చే ఉద్దేశం లేదు. కాకపోతే ఏ ఫైలు ఎంచుకుంటారన్న దగ్గరే ఉంది టెన్షనంతా.

ఫొటో, ఎంపీ3, పీడీఎఫ్, జిప్, ఏదైనా పనికొస్తుంది. పేరు మార్చినా పర్లేదు. రెండు మూడు ఫైళ్లు ఇస్తే వాటి వరసతోనూ పని లేదు. ప్రోగ్రాం చదివేది మొదటి 10,48,576 బైట్లు, అంటే ఒక ఎంబీ మాత్రమే. అందులో ఒక్క బిట్ మారిందా, ఇక తెరుచుకోదు.

మా బావమరిది ఒక పాత పాటను కీఫైల్‌గా పెట్టుకున్నాడు. ఆ పాటకి ఆల్బమ్ బొమ్మ లేదని ఒకరోజు ప్లేయర్‌లో చేర్చాడు. ఎంపీ3లో ఆ వివరాలు మామూలుగా ఫైలు మొదట్లోనే చేరతాయి. ఇంకేముంది! పాస్‌వర్డ్ తప్పో, కీఫైల్ తప్పో, అసలిది వెరాక్రిప్ట్ వాల్యూమే (కంటైనరే) కాదో అంటూ అన్నీ కలిపి ఒకే మెసేజ్. పాట హాయిగా మోగుతోంది కాబట్టి ఫైలు మీద అనుమానమే రాలేదు, సాయంత్రమంతా పాస్‌వర్డే కొడుతూ కూర్చున్నాడు. ఎవరూ ముట్టుకోని కాపీ ఒకటి పాత పెన్‌డ్రైవ్‌లో దొరికింది కాబట్టి బతికిపోయాడు.

ఫొటోలదీ అదే గొడవ. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది. చూడ్డానికి అదే బొమ్మ, బైట్లు వేరు. డాక్యుమెంట్‌గా పంపితే మారదు గానీ, అసలు కీఫైల్‌ని వాట్సాప్‌లో పంపడమేంటి? ప్రోగ్రాంలోనే కీఫైల్ తయారుచేసుకునే వీలుంది. కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోని ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఇదేంటని ఎవరైనా అడుగుతారు. నాకు నచ్చింది పాత స్కాన్ పీడీఎఫ్. దాన్ని ఎడిట్ చేయాలని ఎవరికీ అనిపించదు. రీడ్-ఓన్లీ చేసి, ఒక కాపీ ఇంట్లో బీరువాలో పెట్టాను.

కీఫైల్ ఉంది కదా అని పొట్టి పాస్‌ఫ్రేజ్ మాత్రం పెట్టకండి. లాప్‌టాప్‌తో పాటు ఆ ఫైలూ దొంగ చేతికి చిక్కితే మిగిలేది పాస్‌ఫ్రేజ్ ఒక్కటే. పైగా కీఫైల్ బైట్లను సీఆర్‌సీ-32 అనే చెక్‌సమ్ లెక్కతో పాస్‌వర్డ్‌లో కలిపే పద్ధతి, వెరాక్రిప్ట్‌కి మూలమైన పాత ప్రోగ్రాం ట్రూక్రిప్ట్ నుంచి వచ్చింది. ఆ కలపడం క్రిప్టోగ్రఫీ పరంగా పటిష్ఠంగా లేదని 2015 నాటి ట్రూక్రిప్ట్ ఆడిట్ రిపోర్టులో ఉంది, తీవ్రత తక్కువే అన్నారనుకోండి. పాస్‌ఫ్రేజ్‌లో తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు స్పెల్లింగ్ ఒకటే ఖాయం చేసుకోవాలి. వంకాయకి వీ పెట్టామా డబ్ల్యూ పెట్టామా, దీర్ఘానికి ఏ ఒకటా రెండా అన్నది అప్పటికప్పుడు గుర్తుకు రాదు.

స్పీడ్ సంగతి: పీఐఎం (ఎన్నిసార్లు తిప్పాలో మార్చే అంకె) ముట్టుకోకపోతే, పాస్‌వర్డ్ నుంచి తాళంచెవి తయారుచేయడానికి ఎస్‌హెచ్‌ఏ-512 అనే హ్యాష్ లెక్కని 5,00,000 సార్లు తిప్పుతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్లో కొన్న నా సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో ఆ ఆలస్యం బాగానే తెలుస్తుంది. ఆటోడిటెక్షన్ (ఏ హ్యాషో ప్రోగ్రామే వెతుక్కోవడం) వదిలేసి ఆ హ్యాష్ పేరే ఎంచుకోండి, మిగతావన్నీ ప్రయత్నించే టైమ్ కలిసొస్తుంది.