యార్క్‌లో పాత వెండి కొంటున్నారా? మా పిన్ని టీపాట్ సంగతి విని వెళ్ళండి

యార్క్ చూడ్డానికి వెళ్ళి, అక్కడి వింటేజ్ షాపుల్లో వెండి సామాను కొనాలనుకునే మనవాళ్ళకి ముందే చెప్తున్నాను. రసీదు మీద "స్టెర్లింగ్ సిల్వర్" (వెయ్యికి 925 పాళ్ళు వెండి ఉన్నది) అని రాయించుకోకుండా డబ్బు చేతికివ్వకండి. మేం రాయించుకోలేదు. 220 పౌండ్లు పెట్టి జర్మన్ సిల్వర్ టీపాట్ కొన్నాం.

మేముండేది లీడ్స్‌లో. మే నెలలో తెనాలి నుంచి పిన్ని, బాబాయి వచ్చారు. మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా ఒక రోజు యార్క్‌కి కేటాయిస్తాం. రైల్లో అరగంట కూడా పట్టదు. కోటగోడ మీద కాసేపు నడక, మిన్‌స్టర్ చర్చి, ఒకప్పుడు కసాయి కొట్లుండే షాంబుల్స్ సందు, చివర్లో బెట్టీస్‌లో టీ. ఆ ఊళ్ళో వీధిని గేట్ అంటారు, కోట గుమ్మాన్ని బార్ అంటారు. "బూథమ్ బార్" అన్న బోర్డు చూసి బాబాయి ముఖం వెలిగింది. తీరా అది రాతి గుమ్మం అని తెలిశాక మళ్ళీ నడవడం మొదలుపెట్టారు.

బెట్టీస్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా కథ అక్కడే మొదలైంది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ బెల్మాంట్ 1919లో హారోగేట్‌లో మొదలుపెట్టిన టీ రూమ్ అది. యార్క్‌లో సెయింట్ హెలెన్స్ స్క్వేర్ మూల మీదున్నది 1930ల నాటిది. క్వీన్ మేరీ ఓడ లోపలి అలంకరణ చూసి ముచ్చటపడి ఇది కూడా అలాగే కట్టించాడట. కింది అంతస్తులో ఒక అద్దం ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చుట్టుపక్కల స్థావరాల్లో ఉన్న విమాన దళాల కుర్రాళ్ళు వజ్రపు మొన ఉన్న పెన్నుతో దాని మీద పేర్లు గీసి వెళ్ళారు. వాళ్ళలో ఎందరో తిరిగి రాలేదు. నేనెప్పుడు వెళ్ళినా ఆ అద్దం ముందు ఒక నిమిషం నిలబడతాను. క్యూ పెద్దదే, కానీ నిలబడ్డందుకు నాకెప్పుడూ బాధ అనిపించలేదు. చెర్రీలు, బాదం పప్పులతో కళ్ళూ పళ్ళూ పెట్టిన ఫ్యాట్ రాస్కల్ అనే గుండ్రటి బన్ను ఒకటి ఉంటుంది. వేడిగా, వెన్న రాసుకుని తినాలి.

పిన్నికి టీ నచ్చలేదు ("పాలు విడిగా ఇస్తారేమిట్రా, ఇది కషాయం"). కానీ బల్ల మీద తళతళలాడే టీపాట్ మీద మాత్రం మనసు పడింది. మా చెల్లికి శ్రావణంలో పెళ్ళి. "ఇలాంటి వెండిది ఒకటి సారెలో పెడితే అత్తారింట్లో ఎంత బావుంటుంది, ఇంగ్లండ్ వెండి!" అంది. కడుపు నిండింది, బయట ఎండ కాస్తోంది, అందరం ఉత్సాహంగా ఉన్నాం. సరిగ్గా అలాంటప్పుడే మోసపోతాం.

కాసేపటికి ఒక పాత సామాన్ల షాపులో దూరాం. పేరు రాయడం లేదు, గొడవ ఇంకా తేలలేదు. అద్దాల బీరువాలో చెక్క పిడి ఉన్న టీపాట్, ఒంటి మీద లతలు చెక్కి ఉన్నాయి. దారంతో కట్టిన చిన్న చీటీ మీద చేత్తో "షెఫీల్డ్ సిల్వర్, విక్టోరియన్" అని రాసి ఉంది. ధర 240. పిన్ని చేత్తో పట్టుకుని బరువు చూసి, తెలుగులో నాతో "అర కిలో పైనే ఉంటుందిరా, ఈ డబ్బుకి ఇంత వెండి మన దగ్గర కూడా రాదు" అంది. అసలు అనుమానం రావాల్సింది ఆ మాటకే. పాత సామాన్లు అమ్ముకు బతికేవాడికి వెండి రేటు తెలియకుండా ఉంటుందా? కరిగించి అమ్ముకుంటేనే అంతకు ఎక్కువ వస్తుంటే మనకు ఎందుకిస్తాడు? నాకు తట్టలేదు. బేరం కుదిరిందన్న సంతోషంలో ఉన్నాను.

అడుగున వరసగా చిన్న చిన్న డాలు ఆకారాలు, వాటిలో అక్షరాలు ఉన్నాయి. "హాల్‌మార్క్ ఉందిగా" అని నేనే పిన్నికి ధైర్యం చెప్పాను. షాపాయన "క్యాష్ అయితే 20 తగ్గిస్తా" అన్నాడు. ఏటీఎంకి పరిగెత్తాను. రసీదు చేత్తో రాసిచ్చాడు: "టీపాట్, 220." అంతే, వెండి అన్న మాటే లేదు.

జులైలో తెనాలిలో పిన్ని దాని మీద చెల్లి పేరు చెక్కించడానికి ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన తిప్పి చూసి, అడుగున కొంచెం గీరి, యాసిడ్ చుక్క వేశాడు. పచ్చగా పొంగింది. "అమ్మా, ఇది జర్మన్ సిల్వర్. దీని కోసం లండన్ దాకా ఎందుకెళ్ళారు?" అన్నాడట. పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టుగా కుంకుమ భరిణెలు పంచుతాం చూడండి, అదే లోహం. పిన్ని ఫోన్‌లో ఏడవలేదు కానీ, ఏడ్చినా బావుండేదనిపించింది.

ఆ రోజు నేను హాల్‌మార్క్ అనుకున్న ఆ డాళ్ళలో ఉన్న అక్షరాలు ఈ, పీ, ఎన్, ఎస్. ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్ అని దాని అర్థం. నికెల్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. మన జర్మన్ సిల్వర్ అదే. పేరులోనే సిల్వర్, వెండి లేదు. దాని మీద కరెంటుతో వెండి పూత వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ వాళ్ళు 1840లో ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో మధ్యతరగతి ఇళ్ళ నిండా ఇదే సామాను చేరింది. అది తప్పుడు సరుకేమీ కాదు, దాని ధరకి కొనుక్కుంటే చక్కగా వాడుకోవచ్చు. చిక్కల్లా గుర్తులతోనే. దూరం నుంచి హాల్‌మార్కులా కనపడాలనే ఒక్కో అక్షరాన్ని ఒక్కో డాలులో కొట్టేవారు. ఏ1 అని ఉంటే అది పూత నాణ్యత గురించి చెప్పేది. ఈ, పీ, బీ, ఎమ్ అని ఉంటే పూత కింద ఉన్నది బ్రిటానియా మెటల్ అనే తగరం మిశ్రమం అన్నమాట, అందులోనూ వెండి ఉండదు. ఇక షెఫీల్డ్ ప్లేట్ ఇంకా పాతది, 18వ శతాబ్దం నాటి పద్ధతి. రాగికి వెండి రేకు అతికించి సాగగొట్టేవారు. "షెఫీల్డ్ సిల్వర్" అన్న ఆ చీటీ రాత దేనికైనా సరిపోతుంది, అందుకే అలా రాస్తారని ఇప్పుడు అర్థమైంది.

అసలు వెండికి ఇంగ్లండ్‌లో ఉండే గుర్తు సింహం. ఒక కాలెత్తి నడుస్తున్న సింహం. 1999 తర్వాతి వస్తువుల్లో సింహం ఉండకపోవచ్చు, అప్పుడు 925 అన్న అంకె ఉండాలి. పక్కనే ఏ ఊళ్ళో పరీక్ష చేశారో తెలిపే గుర్తు ఉంటుంది: లండన్‌కి చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కి లంగరు, షెఫీల్డ్‌కి 1974 దాకా కిరీటం, ఆ తర్వాత గులాబీ. ఆ ఏడాదిని తెలిపే అక్షరం, చేసినవాడి పొడి అక్షరాలు కూడా ఉంటాయి. సింహం గానీ 925 గానీ కనపడకపోతే ముందు వెండి కాదనే అనుకోండి, అవునని చూపించాల్సింది అమ్మేవాడే. 7.78 గ్రాములు దాటిన వస్తువుని హాల్‌మార్క్ లేకుండా వెండి అని చెప్పి అమ్మడం అక్కడి చట్టం ప్రకారం నేరం. 1950కి ముందు చేసినవాటికి మినహాయింపు ఉంది. వెండి అమ్మే ప్రతి షాపులోనూ ఈ గుర్తుల పట్టిక ఒకటి కనపడేలా పెట్టాలి. అది ఎక్కడ ఉందని అడగండి. ఆ ప్రశ్నకే షాపాయన సంగతి సగం తెలిసిపోతుంది. అయస్కాంతం పట్టుకెళ్తే చాలని మా ఆఫీసులో ఒకతను సలహా ఇచ్చాడు. పనికిరాదు. జర్మన్ సిల్వర్‌కి కూడా అయస్కాంతం అంటుకోదు.

ఇక డబ్బు వెనక్కి రావడం సంగతి. పాత వస్తువైనా సరే, వ్యాపారి చెప్పినట్టుగా లేకపోతే 30 రోజుల్లోపు తిరిగిచ్చి మొత్తం డబ్బు తీసుకునే హక్కు 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టంలో ఉంది. మాకు తెలిసేసరికి ఏడు వారాలు దాటాయి. 30 రోజులు దాటినంత మాత్రాన హక్కులన్నీ పోవు కానీ ఆ సులువు పోతుంది. 100 పౌండ్లు దాటిన వస్తువుని యూకే క్రెడిట్ కార్డుతో కొంటే బ్యాంకు కూడా బాధ్యత వహించాలి. అది 1974 నాటి వినియోగదారుల రుణాల చట్టంలోని 75వ సెక్షన్. 20 పౌండ్ల తగ్గింపుకి ఆశపడి క్యాష్ ఇచ్చి దాన్నీ నేనే వదులుకున్నాను. చీటీ ఫొటో తీసుకుని ఉంటే కనీసం అదైనా చూపించేవాణ్ణి. ఫొటోల్లో టీపాట్ పట్టుకున్న పిన్ని నవ్వు ఉంది, చీటీ వెనక్కి తిరిగి ఉంది.

ఇంకొకటి. చాలా చోట్ల ఒకే కప్పు కింద ఇరవై ముప్పై మంది వ్యాపారుల బీరువాలుంటాయి. కౌంటర్‌లో డబ్బు తీసుకునే మనిషికి సరుకు గురించి తెలియదు, మీరు కొన్నది ఆ బీరువా యజమాని దగ్గర. అతనెవరో రసీదు మీద రాయించుకోండి. చీటీ మీద ఏ, ఎఫ్ అన్న రెండు అక్షరాలు ఉంటే "ఉన్నది ఉన్నట్టుగా" అని, అంటే ఎక్కడో పగులో అతుకో ఉందని అర్థం. టీ కప్పులు కొనేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో వ్యాట్ వెనక్కి వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, ఇంగ్లండ్‌లో షాపులో కొని చేత్తో పట్టుకెళ్ళేవాళ్ళకి 2021 నుంచి ఆ పద్ధతి లేదు.

నిజం వెండి టీపాట్ దొరికినా పిడిని ఒకసారి చూడండి. వెండి పిడి వేడెక్కకుండా మధ్యలో సన్నటి తెల్ల బిళ్ళలు రెండు పెడతారు. పాతవాటిలో అవి చాలావరకు ఏనుగు దంతం. 2022 జూన్ నుంచి యూకేలో దంతం ఉన్న వస్తువు అమ్మాలంటే మినహాయింపు కింద రిజిస్టర్ చేసి ఉండాలి. ఇక దాన్ని ఇండియాకి తీసుకెళ్ళడం కోరి తెచ్చుకునే తలనొప్పే.

షాపాయనతో మాట్లాడాను. "నేను షెఫీల్డ్ అన్నాను, స్టెర్లింగ్ అనలేదు" అన్నాడు. అది నిజమే, అనలేదు. ఇలాంటి గొడవల్లో సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ వాళ్ళు ముందు ఉత్తరం రాయమన్నారు, రాశాను. జవాబుగా 60 పౌండ్లు ఇస్తాను, వస్తువు ఉంచుకోండి అన్నాడు. నేను ఒప్పుకోలేదు, వస్తువు తెచ్చి చూపిస్తానన్నాను. డిసెంబర్‌లో మా బావమరిది వస్తూ పట్టుకొస్తాడు.

బాబాయి మాత్రం ఇవ్వనంటున్నారు. పొద్దున్నే అందులో టీ పెట్టుకుంటున్నారట. పాలు కలిపే, అల్లం వేసే.