కిరాయి రూం, క్యాంపస్ హాస్టల్, మధ్యలో ఒక మోటర్ స్టార్టర్

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండేళ్లలో మొదటి ఏడాది క్యాంపస్ హాస్టల్‌లో ఉన్నాను. రెండో ఏడాది హనుమకొండలో, నయీంనగర్ వెనక సందులో ఒక కిరాయి రూంలో గడిపాను. పీజీ సీట్ల కోసం రాసే సీపీగెట్ ప్రవేశ పరీక్ష కౌన్సెలింగ్ మొదలైందంటే మా చెన్నూరు వైపు పిల్లలు ఫోన్ చేసి అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, హాస్టల్ తీసుకోవాల్నా, రూం చూసుకోవాల్నా?" కిరాయి ఎంత, మెస్ బిల్లు ఎంత అన్నవి ఎవరినడిగినా చెప్తారు. నేను చెప్పేది మోటర్ స్టార్టర్ గురించి. నవ్వుకుంటే నవ్వుకోండి.

ముందు రూం గురించి మంచి మాటలే చెప్తాను, ఎందుకంటే మొదటి మూడు నెలలు నేను నిజంగానే సంబరపడ్డాను. హాస్టల్ గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకతను నాలుగు గంటలకు అలారం పెట్టి, అది మోగితే మా ఇద్దరినీ లేపి, తను మాత్రం పడుకునేవాడు. ఇంకొకతనికి రాత్రి పదకొండు తర్వాతే ఫోన్లు. రూంలోకి వచ్చాక ఆ బాధ పోయింది. రెండో అంతస్తు, ఇద్దరం, నెలకు ఐదు వేలు, రెండు నెలల అడ్వాన్స్. నాతో ఉన్నతనిది నర్సంపేట దగ్గర ఊరు, పచ్చిపులుసు చేశాడంటే ఉల్లిపాయ ముక్క కూడా గిన్నెలో మిగిలేది కాదు. ఆ ఊపులో కనపడిన ప్రతి జూనియర్‌కూ "కళ్లు మూసుకుని రూం తీసుకో" అని చెప్పాను. ఇద్దరు విన్నారు. వాళ్లు ఇప్పుడు నన్ను ఏమంటున్నారో ఇక్కడ రాయను.

ఆ ఇంట్లో నీళ్ల ఏర్పాటు ఇది. పొద్దున నల్లా వస్తుంది, ఆ నీళ్లు కింద సంపులో పడతాయి. సంపు నుంచి మోటర్‌తో పైన ట్యాంకుకు ఎక్కించాలి. ఆ మోటర్ స్టార్టర్ ఓనర్ అంకుల్ హాల్లో, టీవీ పక్కన గోడకు ఉంది. రూం చూడటానికి వెళ్లినప్పుడు అదే హాల్లో కూర్చుని చాయ్ తాగాం. స్టార్టర్ నా కళ్ల ముందే ఉంది. దాని మీద క్యాలెండర్ వేలాడుతుంటే, ఆ క్యాలెండర్‌లో తిథి కూడా చూశాను.

రోజూ ఆరున్నరకు అంకుల్ మోటర్ వేసేవారు, ఏడింటికి ఆపేసేవారు. ట్యాంకు నిండితే నీళ్లు కిందికి కారతాయని ఆయనకు భయం. నిండకపోతే మా గతి ఏంటని మాకు భయం. సాయంత్రం నీళ్లు అయిపోతే కిందికి దిగి, తలుపు కొట్టి, "అంకుల్, ఒక్క పది నిమిషాలు" అని అడగాలి. ఆయన ఎప్పుడూ కాదనలేదు. కానీ సీరియల్ మధ్యలో వెళ్తే ఆంటీ చూసే చూపు ఒకటుంటుంది. దానికి జడిసి బకెట్లు నింపి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాం. ఇదంతా పెద్ద కష్టం కాదు, చాలా ఇళ్లలో ఉన్నదే.

అసలు కథ 2024 ఫిబ్రవరిలో. ఆ నెల 21 నుంచి 24 దాకా మేడారం జాతర. రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క-సారలమ్మ జాతరకు వరంగల్‌లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మా అంకుల్ వాళ్లు మంగళవారం రాత్రే బయల్దేరారు. ట్రాలీ ఆటోలో మేక, కోళ్లు, గంపెడు గిన్నెలు, నిలువెత్తు బంగారం మొక్కు ఉందని బెల్లం బుట్టలు (మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు). మేమే కిందికి దిగి సామాన్లు ఎక్కించాం. అంకుల్ గ్రిల్‌కు తాళం వేసి, దాన్ని రెండుసార్లు లాగి చూసుకుని, "ఇల్లు జర చూస్తుండుర్రి" అన్నారు. చూస్తామన్నాం. ఆటో సందు మలుపు తిరిగే దాకా చెయ్యి కూడా ఊపాం.

బుధవారం మధ్యాహ్నానికి నల్లా గుర్రుమని గాలి వదిలింది. మొదటి అంతస్తులో ఉండే అక్క బట్టలు నానబెట్టి కూర్చుంది. అప్పుడు గానీ ముగ్గురికీ వెలగలేదు, స్టార్టర్ తాళం వెనక ఉందని. అంకుల్‌కు ఫోన్ చేస్తే కలవదు. కోటి మంది చేరిన చోట సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది? సాయంత్రం ఒక్కసారి కలిసింది. డప్పుల మధ్య "చెవి బామ్మర్ది దగ్గరుంది, హంటర్ రోడ్డు" అన్నంత వరకే వినబడి కట్ అయింది. ఆ బామ్మర్ది నంబర్ అక్క దగ్గర దొరికింది. ఫోన్ చేస్తే అటు నుంచీ డప్పులే. బామ్మర్ది కూడా మేడారంలోనే ఉన్నాడు, చెవి ఆయన జేబులో ఉంది.

గురువారం పొద్దున నల్లా ఠంచనుగా వచ్చింది. సంపు నిండింది. నిండి, పొంగి, గ్రిల్ కింద నుంచి సన్నని ధారగా బయటికి వచ్చి సందులో పారింది. సంపు మూత గ్రిల్ సందుల్లోంచి కనబడుతుంది, చెయ్యి మాత్రం అందదు. నేను, అక్క, మా రూమ్మేట్ ముగ్గురం గేటు దగ్గర గొంతుక్కూర్చుని ఆ ధార కింద పళ్లెం పెట్టి, పళ్లెం నుంచి చెంబులోకి, చెంబు నుంచి బకెట్లోకి పోసుకున్నాం. గంటకు ఒకటిన్నర బకెట్ వచ్చింది. సందులో పోయే పాలాయన సైకిల్ ఆపి కాసేపు చూసి, ఏమీ అడగకుండానే వెళ్లిపోయాడు. అదే సమయానికి మా ఓనర్ కుటుంబం జంపన్న వాగులో మునుగుతూ ఉంటుందన్న ఆలోచన నాకు వచ్చింది. పుణ్యస్నానం మీద కోపం తెచ్చుకోవడం మంచిది కాదని ఊరుకున్నాను.

ఊరికి పోదామంటే సోమవారం నాకు సెమినార్. పైగా ఆర్టీసీ బస్సులన్నీ మేడారం దారి పట్టాయి, మామూలు రూట్లలో బస్సు దొరకడమే గగనం. గురువారం సాయంత్రం టవల్, సబ్బు, ల్యాబ్ కోటు ఒక సంచిలో కుక్కుకుని పాత హాస్టల్‌కు పోయాను. అలారం పెట్టే మిత్రుడు ఇంకా అదే గదిలో ఉన్నాడు. విషయం చెప్తే పడీ పడీ నవ్వి, "ముందు తానం చేసిరా, కంపు కొడ్తున్నవ్" అన్నాడు. బాత్రూంలో నల్లా తిప్పితే నీళ్లు. ఎవరి తలుపూ కొట్టకుండానే నీళ్లు. హాస్టల్‌లో ఉన్న ఏడాది దాన్ని ఒక సౌకర్యంగా లెక్కపెట్టనే లేదు నేను.

ఒక్క స్నానానికని వెళ్లి మూడు రాత్రులు ఉండిపోయాను. రెండు మంచాల మధ్య చాప వేసుకుని పడుకున్నాను. ఆ వారమే గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, 563 పోస్టులు. రీడింగ్ హాల్లో రాత్రి రెండింటికీ కుర్చీ ఖాళీ లేదు. సిలబస్ ప్రింట్లు చేతులు మారుతున్నాయి, ఎవరికి ఏ పేపర్ భయమో వాళ్లు చెప్పుకుంటున్నారు. రూంలో ఉన్న నాకు అలాంటి కబురు చేరాలంటే మూడు రోజులు పట్టేది. సెమినార్‌కు నేను తీసుకున్నది డీల్స్-ఆల్డర్ చర్య. శుక్రవారం రాత్రి మా అలారం మిత్రుడి ముందు ఒకసారి చెప్పి చూసుకున్నాను. ఆ పక్కన నిలబడి పళ్లు తోముకుంటున్న ఒక జూనియర్, బ్రష్ నోట్లోంచి తీయకుండానే బోర్డు వైపు వేలు చూపించాడు. ఎండో అని రాసి ఎక్సో బొమ్మ గీశాను, అంటే అణువులు కలిసే రెండు తీర్లలో ఒకదాని పేరు పెట్టి రెండోదాని బొమ్మ. రూంలో నాలుగు రోజులు ప్రశాంతంగా, ఒక్క చప్పుడు లేకుండా ప్రాక్టీస్ చేసింది ఆ తప్పునే.

హాస్టల్ స్వర్గమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ మూడు రాత్రుల్లోనూ అలారం నాలుగింటికే మోగింది, నేనే లేచి ఆపాను. ఆదివారం తెల్లారేసరికి నా రూం, నా పచ్చిపులుసు ఎప్పుడెప్పుడా అనిపించింది.

ఆ సాయంత్రం అంకుల్ వాళ్లు వచ్చారు. అడగాలనుకున్న మాటలన్నీ వరుసగా పేర్చుకుని కిందికి దిగాను. ఆంటీ ఎదురొచ్చి నా చేతిలో ఇంత బెల్లం పెట్టి, నుదుటికి కుంకుమ అద్ది, "నీళ్లకు తక్లీఫ్ కాలే గద బిడ్డా?" అంది. నోట్లో అమ్మవారి బంగారం పెట్టుకుని ఏం పోట్లాడతాం? "కొంచెం అయింది ఆంటీ" అన్నాను. స్టార్టర్ బయట పెట్టించమని మాత్రం అడిగాను. ఎవరింట్లోనో కిరాయిదారులు మోటర్ ఆపడం మరిచిపోతే కాలిపోయిందట, ఆ కథ అంకుల్ అరగంట చెప్పారు. చివరికి స్టార్టర్ అక్కడే ఉంది. ఊరెళ్తే గ్రిల్ తాళం చెవి ఒకటి అక్క దగ్గర పెట్టడానికి ఒప్పుకున్నారు. ఏప్రిల్‌లో సంపు సగం కూడా నిండని రోజుల్లో ఆ చెవి వల్ల ఒరిగిందేమీ లేదనుకోండి. ట్యాంకర్ తెప్పిస్తే పోర్షన్‌కు ఇంత అని పంచేవారు. ఆ ఎండల్లో హాస్టల్‌లోనూ నీళ్లకు వరస కట్టారని మావాడు చెప్పాడు, కాబట్టి వేసవిని రూం ఖాతాలో వేయను.

కరెంటు సంగతి ఒక్క ముక్క. 200 యూనిట్ల దాకా ఉచితమన్న గృహజ్యోతి ఆ మార్చిలోనే మొదలైంది. దానికి రేషన్ కార్డు కావాలి. మా కార్డులు మా ఊళ్లలో ఉన్నాయి, మేము ఇక్కడున్నాం. సబ్ మీటర్ తిరిగినంత కట్టాం.

అంకుల్‌ను చెడ్డవాడంటే నా కళ్లు పోతాయి. ఖాళీ చేసేటప్పుడు రంగులని, గోడకు మేకులని ఒక్క రూపాయి కోయకుండా అడ్వాన్స్ మొత్తం చేతిలో పెట్టారు. ఇలాంటి ఓనర్లు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. నా కోపమంతా ఆ క్యాలెండర్ వెనక స్టార్టర్ మీదే.

మరి ఏది మేలంటారా? నాకు నిద్ర పలచన, వంట చేసే రూమ్మేట్ దొరికాడు, ఇంటి నుంచి నెలకు కొంత వచ్చేది. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా రెండో ఏడాదీ హాస్టల్‌లోనే ఉండేవాణ్ణి. మొదటి ఏడాది మాత్రం హాస్టలే నయమనిపిస్తుంది. ఊరికి కొత్త, క్లాసులో ఎవరూ తెలియరు, స్కాలర్‌షిప్ ఫారం ఆఖరి తేదీ మెస్ లైన్లోనే తెలుస్తుంది. ప్రాజెక్టు ఏడాది ఎవరిష్టం వాళ్లది. అమ్మాయిల లెక్క వేరు. మా పిన్ని కూతురు రాత్రి ల్యాబ్ నుంచి నడిచి వచ్చే దారిలో వీధి దీపాలు ఉన్నాయా అని చూసుకుని గది తీసుకుంది. నీళ్ల సంగతి ఆమె తర్వాత ఆలోచించింది, అదే సరైన వరస.

మొన్న మా బాబాయి కొడుకుకు ఇక్కడే సీటొచ్చింది. వాడితో కలిసి గోపాల్‌పూర్ వైపు ఒక రూం చూడటానికి వెళ్లాను. వాడు గోడల రంగు, కిటికీలు, సెల్‌ఫోన్ సిగ్నల్ చూసుకుంటున్నాడు. నేను ఓనర్ని "మోటర్ స్టార్టర్ ఎక్కడుంది సార్?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బయటనే, మెట్ల కింద" అన్నాడు. వెళ్లి చూశాను, ఉంది. కిరాయి ఆరు వేలట. తమ్ముడు ఇంకా ఏమీ తేల్చలేదు, హాస్టల్ లిస్టు పడే దాకా ఆగుతానంటున్నాడు.